పాత లారీ గేర్‌బాక్స్: ఘాట్ రోడ్డుకు సరే, పోర్టు క్యూకు వద్దు

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌కు సెకండ్ హ్యాండ్ లారీ కొనడానికి వచ్చేవాళ్లు ముందు టైర్లు చూస్తారు, తర్వాత పొగ చూస్తారు, ఆ తర్వాత రంగు చూసి మురిసిపోతారు. గేర్‌బాక్స్ సంగతి అడిగేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. పాత బండి మన చేతిలో నాలుగు రాళ్లు పెడుతుందా, ఉన్నవి ఊడ్చుకుపోతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. నేను చాలా ఏళ్లు స్టీరింగు పట్టాను. ఇప్పుడు రెండు పాత బళ్లు తిప్పుతున్నాను. రెండూ అయిదు గేర్లవే, కానీ ఒకటి కాన్‌స్టంట్ మెష్, రెండోది సింక్రోమెష్. వాటి మీద నా అభిప్రాయమూ, నా దగ్గర పనిచేసిన డ్రైవర్లు పెట్టిన శాపనార్థాలూ కలిపి రాస్తున్నాను.

తేడా ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. కాన్‌స్టంట్ మెష్‌లో పళ్లచక్రాలు ఎప్పుడూ జతలు జతలుగా తిరుగుతూనే ఉంటాయి. గేరు రాడ్డు కదిపితే డాగ్ అనే పళ్ల కప్లింగు పక్కకు జరిగి, కావలసిన చక్రాన్ని షాఫ్టుకు కలుపుతుంది. రెండింటి వేగం ఒకటి కాకపోతే గర్రుమని అరుస్తుంది. వేగం కలపడం డ్రైవరు పని. సింక్రోమెష్‌లో ఆ చాకిరీ ఒక ఇత్తడి రింగు చేస్తుంది. డాగ్ పడేముందే చక్రం పక్కనున్న కోన్ (శంకువు ఆకారపు భాగం) మీద రాసుకుని వేగం సర్దుతుంది.

టాటా వాళ్లు 1954లో జర్మనీ బెంజ్ వాళ్లతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టి, 1969లో ఆ ఒప్పందం నుంచి బయటికొచ్చారు. బళ్లకు అంకెలు పెట్టే పద్ధతి మాత్రం ఉండిపోయింది. 1210 అంటే సుమారు 12 టన్నులకు 100 హార్స్‌పవర్, 1613 అంటే 16 టన్నులకు 130. ఇప్పటి లారీల పక్కన పెడితే అదేమంత బలం కాదు. ఇంజను బలం తక్కువైనప్పుడు గేరు ఏ క్షణాన పడాలో ఆ క్షణానే పడాలి. పాత డ్రైవర్లు గేర్‌బాక్స్ గురించి గంటలకొద్దీ మాట్లాడేది అందుకే.

ఆ మాటల్లో నిజమెంతో తెలియాలంటే ఎస్.కోట మీదుగా అరకు వైపు లోడుతో ఎక్కాలి. టైడా దాటాక, డముకు వంపుల్లో బండి మూడో గేరు మీద మూలుగుతూ ఎక్కుతుంటుంది. ఇంజను గొంతు దిగిపోవడం మొదలవుతుంది. అప్పుడు రెండుకు దించాలి. కాస్త తాత్సారం చేశామా, బండి ఆగుతుంది, చక్రం కింద రాయి వేయడానికి క్లీనరు దూకాలి. నా కాన్‌స్టంట్ మెష్ బండి నడిపేది సాలూరు మనిషి. లారీల ఊరు కదా, సుంకి ఘాట్ రోడ్డులో కోరాపుట్‌కు తిరిగి తిరిగి చేయి తిరిగినవాడు. క్లచ్ తొక్కి రాడ్డును న్యూట్రల్‌కు లాగుతాడు. క్లచ్ వదిలి ఎక్సలేటరును ఒక్క తట్టు తడతాడు. ఇంజను పైకి లేస్తుంది. మళ్లీ క్లచ్ తొక్కి, రాడ్డు పిడి వణుకు అరచేతిలో సన్నబడేదాకా ఆగి, రెండు వేళ్లతో తోస్తాడు. చప్పుడు లేకుండా పడుతుంది. వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుందంటే నమ్మండి. ఇదే పని చేతి బలంతో చేయబోతే డాగ్ పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి, కొన్నాళ్లకు గేరు దానంతటదే జారిపోతుంది.

ఆయన్ని ఒకసారి అడిగాను, రెండో బండి ఇస్తాను తీసుకుంటావా అని. “వద్దు బాబూ. దీనికి నచ్చకపోతే అప్పుడే అరుస్తుంది. ఆ సింక్రో బండి మొగమాటస్తురాలు, లోలోపల అరిగిపోయి ఒకరోజు మంచం పడుతుంది” అన్నాడు. ఈ మాటకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. మొరటు చేయి కింద ఇత్తడి రింగు చప్పుడు చేయకుండా అరుగుతుంది. గర్రుమని మనకు వినబడేసరికి రింగు పని అయిపోయి ఉంటుంది.

దిగేటప్పుడు మాత్రం రెండు బళ్లకూ ఒకటే శాస్త్రం. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి, అదీ వాలు మొదలవకముందే వేసుకోవాలి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించే మహానుభావులు ఇంకా ఉన్నారు. ఇంజను పట్టు పోతుంది, బ్రేకుల మీద భారమంతా పడి డ్రమ్ములు కాలిపోతాయి, పదేపదే తొక్కితే బ్రేకులకు గాలి ఇచ్చే ట్యాంకు ఖాళీ అవుతుంది. అప్పుడు గేరు వేద్దామన్నా కాన్‌స్టంట్ మెష్‌లో పడనే పడదు. సింక్రోలోనూ ఆ వేగంలో నమ్మకం లేదు. అలాంటి డ్రైవరుకు నేను తాళం ఇవ్వను.

ఇక కొండ దిగి ఊళ్లోకి వద్దాం. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టుకు బళ్లు బారులు తీరి ఉంటాయి. నాలుగు గజాలు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. పాత లారీ క్లచ్ ఎంత గట్టిగా ఉంటుందో తొక్కినవాళ్లకే తెలుసు. ఒకటో గేరు, న్యూట్రల్, ఒకటో గేరు, న్యూట్రల్. దీనికి తోడు బొగ్గు ధూళి, ఉప్పు గాలి. రాడ్డును గేర్‌బాక్స్‌కు కలిపే లింకేజి కీళ్లలోని బుష్షులు గ్రీజు సరిగా పెట్టకపోతే బిగుసుకుపోతాయి లేదా వదులైపోతాయి. పెందుర్తి నుంచి ఒక కుర్రవాడు నా దగ్గర చేరాడు, మంచి చేయి. ఎండాకాలం రాగానే వచ్చి తాళం బల్ల మీద పెట్టాడు. “బండి మీది సార్, మోకాలు నాది” అన్నాడు. ఇప్పుడు క్లచ్ పెడలే లేని ఆటోమేటిక్ గేర్ల టిప్పరు నడుపుతున్నాడు. సాలూరు ఆయన దాన్ని డ్రైవింగు కింద లెక్కకట్టడు. నేను కుర్రవాడి పక్షమే. రోజంతా పోర్టుకూ గోడౌన్‌కూ మధ్య తిరిగే కిరాయికి పాత గేర్‌బాక్స్ పనికిరాదు, ఎవరు ఎంత పొగిడినా సరే. ఇప్పుడు కొత్తగా తయారయ్యే భారీ లారీల్లో క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. ఆ సుఖం మరిగినవాళ్లను మళ్లీ ఈ బండి ఎక్కించడం ఎవరి తరమూ కాదు.

అయితే మరమ్మతు విషయంలో పాతదానిదే పైచేయి. కొత్త ఆటోమేటిక్‌లో సెన్సరు అలిగితే కంప్యూటరు పెట్టి చూసేవాళ్లు కావాలి. పాతదాన్ని ఆటోనగర్‌లో ఏ షెడ్డులోనైనా దించి, విప్పి, పళ్లచక్రాలు గుడ్డ మీద వరసగా పరచి మనకే చూపిస్తారు. ఏది పోయిందో కంటికి కనిపిస్తుంది.

కొనేవాళ్లు అడగవలసింది గేర్‌బాక్స్ అడుగున నూనె దించే డ్రెయిన్ ప్లగ్గు విప్పించమని. దానికి అయస్కాంతం ఉంటే చివర బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. మెత్తటి పేస్టులా ఉంటే మామూలు అరుగుదల, భయం లేదు. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే ముక్కలు తగిలితే పన్ను విరిగిందన్నమాట, బేరం మానుకోండి. తర్వాత కారిన నూనెను ఎండలో పట్టి చూడండి. బంగారు రజను మెరిసిందంటే అది రింగులు అరిగిన ఇత్తడి. అది అయస్కాంతానికి అంటదు కాబట్టి ప్లగ్గును మాత్రమే చూసినవాడికి కనబడదు. క్రౌన్‌లో, అంటే వెనక ఇరుసులోని పళ్లచక్రాల పెట్టెలో, పోసే నూనెనే గేర్‌బాక్స్‌లోనూ పోసేసే అలవాటు కొందరికి ఉంది. క్రౌన్‌కు వాడే జీఎల్-5 రకంలో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ, వాటిలో కొన్ని ఇత్తడిని తినేస్తాయి. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అది పోయండి.

చెవి పని కూడా ఉంది. ఇంజను ఆన్‌లో ఉంచి న్యూట్రల్‌లో క్లచ్ మీద నుంచి కాలు తీయండి. గుర్రుగుర్రు వినిపించి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే లోపలి బేరింగులు పోయాయి. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగు, అది చిన్న ఖర్చు. తర్వాత మూడో గేరులో కాస్త వేగం అందుకుని ఎక్సలేటరు ఒక్కసారిగా వదలండి. రాడ్డు న్యూట్రల్‌కు ఎగిరిపడితే దించి విప్పవలసిందే. రాడ్డు ఊగిసలాడుతోందని మాత్రం బెంబేలు పడకండి. చాలాసార్లు అది బుష్షు మాత్రమే, కానీ ముఖం చిన్నబుచ్చుకుని ధర తగ్గించమని అడగడానికి బాగా పనికొస్తుంది.

అన్నీ బాగున్నా ఒక చిక్కు మిగిలే ఉంది. సాలూరు ఆయనలా క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు మార్చడం, అంటే డబుల్ క్లచ్, తెలిసిన డ్రైవర్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అరకు, పాడేరు, కోరాపుట్ కిరాయిలు చేతిలో ఉండి, అలాంటి మనిషి ముందే దొరికితేనే కాన్‌స్టంట్ మెష్ బండికి అడ్వాన్సు ఇవ్వండి. మనిషి దొరక్కపోతే సింక్రోమెష్ తీసుకుని, రింగుల ఖర్చు ధరలోనే తగ్గించుకోండి. నా కాన్‌స్టంట్ మెష్ బండిని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. సాలూరు ఆయన ఉన్నంతకాలం దాన్ని అమ్మను. రెండోది కావాలంటే రండి, మాట్లాడుకుందాం, డ్రెయిన్ ప్లగ్గు మీ ముందే విప్పిస్తాను.