మా అమ్మాయి చదివే క్లాసికల్ క్రిస్టియన్ స్కూల్

ఆరేళ్ల కింద పాపను చేర్చేటప్పుడు నాకున్న అనుమానం ఒక్కటే: ఈ కాలంలో లాటిన్ ఎందుకు?

ఇక్కడ చదువు మూడు మెట్లుగా సాగుతుంది: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. 1947లో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో ఆంగ్ల రచయిత్రి డొరొతీ సేయర్స్ సూచించిన క్రమం ఇదే. చిన్నపిల్లలు ఏదైనా ఇట్టే కంఠస్థం చేస్తారు కాబట్టి వ్యాకరణం మెట్టులో కీర్తనలు, చరిత్ర తేదీలు, లాటిన్ పదరూపాలు పాటలా వల్లె వేయిస్తారు. ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసే వయసు రాగానే తర్కం మొదలవుతుంది.

మొన్న పాప బైబిల్లోని యోబు గ్రంథం చదువుతూ, నీతిమంతుడికి అన్ని కష్టాలెందుకని అడిగింది. ఏదో తప్పు చేసి ఉంటాడులే అన్నాను. "అమ్మా, యోబు స్నేహితులూ అదే అన్నారు. దేవుడు వాళ్లనే కదా తప్పుపట్టింది!" అంది. నా కళ్లు చెమర్చాయి. వాక్యాన్ని నమ్మడంతో పాటు, దాన్ని నిలకడగా చదివి ఆలోచించడం కూడా నేర్చుకుంది. నేను ఫీజు కట్టేది దీనికోసమే.

లోటు లేదనను. లాటిన్ హోంవర్క్ రాత్రుళ్లు టెన్షన్ పెడుతుంది, ఆ భాష రాని తల్లిదండ్రులకు స్కూలు ఏ సాయమూ చేయదు. ఒక్క క్లాసైనా మాకూ పెట్టాలి.

వచ్చే ఏడాది చిన్నవాణ్ణీ ఇక్కడే చేరుస్తున్నాం.