‘చౌడు పోగొట్టే ద్రావణం’ క్యాన్లు కొనకండి, వాళ్ళ గ్లాసుల మోసం ఇదీ

కృష్ణా పశ్చిమ డెల్టా రైతులు, ముఖ్యంగా కాలువ చివరి పొలాలున్నవాళ్ళు, ఇది చదివి పక్కవాళ్ళకి కూడా చెప్పండి. గుంటూరు నుంచి ఆటోలో క్యాన్లు వేసుకుని, చేతిలో ఈసీ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతుందో అంకెలో చూపే పరికరం) పట్టుకుని ఊరూరా తిరుగుతున్నారే, వాళ్ళ గురించే. కొట్టు పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. 18,400 రూపాయలు తీసుకుని నాకు అంటగట్టింది రంగునీళ్ళు.

వెనక సంగతి మీకు తెలిసిందే. వరి కోశాక మాగాణిలో మినుము చల్లాం. మచ్చలు మచ్చలుగా మొలవనే లేదు, మొలిచినచోట ఆకుల అంచులు మాడాయి. ఎండలు ముదిరేసరికి గట్ల వెంబడి తెల్లగా ఉప్పు పేరింది. మురుగు కాలువ పూడిపోయి గుర్రపుడెక్కతో నిండి ఉంది, నీళ్ళు బయటికి పోయే దారి లేదు. సరిగ్గా అప్పుడే దిగారు వీళ్ళు.

మొదటిసారి వచ్చినప్పుడు మా పొలంలోనే గ్లాసులో మట్టి కలిపి మీటరు ముంచారు. 6.2 చూపించింది. ఒక మూల కొంచెం జాగాలో ఉచితంగా ద్రావణం పోసి, “వారం ఆగి చూడండి బాబాయ్ గారూ” అని వెళ్ళారు. వారం తర్వాత వచ్చి అదే జాగాలో మట్టి తీసి మళ్ళీ ముంచారు. 1.4. చుట్టూ పదిమంది ఉన్నారు, అందరూ చూశారు. అంత తేడా కళ్ళ ముందు కనిపిస్తే ఎవరు కొనరు? ఆ పూట ఆటోలో ఉన్న క్యాన్లన్నీ మా ఊళ్ళోనే అమ్ముడయ్యాయి.

చెప్పినట్టే పొలమంతా పోశాను. తర్వాత మట్టి తీసుకెళ్ళి భూసార పరీక్షా కేంద్రంలో ఇచ్చాను. ఉప్పు ఏమీ తగ్గలేదు. మా మేనల్లుడు రెండుసార్లూ ఫోనులో వీడియో తీశాడు, అది అక్కడి ఆయనకి చూపించాం. చూసి ఒకే మాట అడిగారు: “రెండు గ్లాసుల్లోనూ మట్టి సమానంగా వేశారా? నీళ్ళు సమానంగా పోశారా?”

వీడియో ఆపి ఆపి చూశాం. మొదటి గ్లాసులో గట్టు మీద పేరిన తెల్లటి పొర గీకి గుప్పెడు వేశాడు, నీళ్ళు సగం గ్లాసు కూడా లేవు. రెండో గ్లాసులో లోపలి మట్టి చిటికెడు, నీళ్ళేమో అంచుదాకా, అవీ వాళ్ళు తెచ్చుకున్న మంచినీళ్ళ సీసాలోవి. నీళ్ళు ఎక్కువ పోస్తే అంకె దిగుతుంది. దానికి మందు అక్కర్లేదు.

మా గట్టుకి అవతల, ద్రావణం చుక్క కూడా పడని మట్టి సంచిలో వేసుకుని కొట్టుకి వెళ్ళాం. వాళ్ళ బల్ల మీదే, వాళ్ళ మీటరుతోనే చేసి చూపించాను. గుప్పెడు మట్టి, సగం గ్లాసు నీళ్ళు: 5.8. అదే మట్టి చిటికెడు, నిండా నీళ్ళు: 1.2. “మీ మందు పడని మట్టి ఇది, దీనికి చౌడు ఎలా పోయింది?” అని అడిగాను. ఓనరు లేచి వచ్చి నా చేతిలోంచి మీటరు లాక్కుని ఆపేశాడు. కొట్టు నిండా రైతులున్నారు. వాళ్ళందరి ముందూ, “దున్నుకునేవాడివి దున్నుకో, నీకెందుకయ్యా ఈ సైన్సంతా?” అన్నాడు. అమ్మేటప్పుడు బాబాయ్ గారూ, అడిగేటప్పుడు నువ్వు! డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. మా పొలం గురించి మేం తెలుసుకోకూడదా? బిల్లు తీసి చూపిస్తే, “ఇందులో చౌడు అని ఎక్కడుంది?” అన్నాడు. నిజంగానే లేదు. ‘సేంద్రియ ద్రావణం’ అని మాత్రమే రాశారు. అది కూడా ముందే ఆలోచించుకుని చేసిన పనే.

పరీక్షా కేంద్రంలో చెప్పినవి మీకూ పనికొస్తాయి. ఈసీ 4 దాటితే ఉప్పు నేల అంటారు కదా, ఆ 4 అనేది మట్టిని నీళ్ళతో ముద్దలా నానబెట్టి, ఆ ముద్దలోంచి పీల్చి తీసిన నీటికి. మామూలుగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్ళు కలిపి చూసే పద్ధతిలో అదే మట్టికి అంకె చాలా తక్కువ వస్తుంది. అందుకే ఏ పద్ధతిలో చూశారో చెప్పని అంకెని నమ్మొద్దు. ఆ ముద్ద లెక్క ప్రకారం వరికి 3 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, మిరపకి 1.5 దాటితేనే. ఎవరైనా మీటరు తెస్తే ముందు అంకె తెలిసిన 1413 మైక్రోసైమన్స్ (పై అంకెల లెక్కలో 1.41) ప్రామాణిక ద్రావణంలో ముంచి చూపించమనండి. 25 డిగ్రీల దగ్గర ఆ అంకె రాకపోతే మీటరే తప్పు.

ఇంకో ముఖ్యమైన మాట. పాలచౌడులో ఉన్నది నీళ్ళలో కరిగే ఉప్పు. మంచి నీళ్ళు నిలగట్టి, కిందికి దించి, మురుగు కాలువలోకి పంపితేనే పోతుంది. జిప్సం ఒక్కటే వేసినా దానికి ఉపయోగం లేదు. కారుచౌడు వేరు, అందులో మట్టిని పట్టుకున్న సోడియం బాధ, పీహెచ్ 8.5 దాటుతుంది. దానికి జిప్సం కావాలి, జీలుగ వేసి కలియదున్నడం మంచిది, తర్వాత నీళ్ళతో కడగాలి. రెండిట్లో దేనికైనా ఉప్పు పొలం దాటి బయటికి పోవాల్సిందే. క్యానులో ఏం పోసినా అది మాయమవదు. “కాలువ నీళ్ళు వచ్చాక ఫలితం ఇంకా బాగా తెలుస్తుంది” అని కూడా వీళ్ళు చెప్తున్నారు. నీళ్ళు నిలగడితే పైపొరలో ఉప్పు ఎలాగూ తగ్గుతుంది, ఆ పేరు వాళ్ళు కొట్టేస్తారు.

చౌడు నేలల మీద, ఉప్పునీటి సాగు మీద బాపట్లలోనే పరిశోధన కేంద్రం ఉంది. అడగాల్సింది అక్కడ, లేదా మండల వ్యవసాయాధికారిని. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551.

వీడియో, బిల్లు, పరీక్ష కాగితం కలిపి వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇచ్చాం. వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తే ఎలా వెయ్యాలో చెప్తారు. మీ దగ్గర సీలు తీయని క్యాను ఉంటే వాళ్ళకి తిరిగి ఇవ్వకండి, వేరే సీసాలోకి ఒంపకండి. మీద అంటించిన కాగితం, తయారీ తేదీ ఫోటో తీసి, ఎంతకి కొన్నారో కింద రాయండి. మా ఊళ్ళో అన్ని క్యాన్లూ వాడేశారు, సీలున్నది ఒక్కటి దొరికినా పరీక్షకి పంపిస్తాం.