కాలితో తొక్కే కుట్టు మిషన్: ఐదేళ్లకు పైగా వాడిన తరువాత నా అభిప్రాయం

2020 జనవరిలో విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక దుకాణంలో, కాలితో తొక్కే నల్లని కుట్టు మిషన్‌ను టేబుల్, ఇనుప స్టాండుతో కలిపి 6,800 రూపాయలకు కొన్నాను. జాకెట్లు ఇంట్లోనే కుట్టుకోవాలన్నది అప్పటి ఆలోచన. రెండు జాకెట్లు పూర్తి కాకముందే మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్ వచ్చాయి. ఆ నెలల్లో మా ఇంట్లో మనసులు కుదురుగా ఉండటానికి ఈ మిషన్ ఎంత సాయపడిందో చెప్పకుండా దీని గురించి రాయడం నాకు సాధ్యం కాదు.

మొదటి రెండు వారాలూ పొద్దున లేచింది మొదలు టీవీలో కేసుల లెక్కలు, ఫోనులో భయపెట్టే వార్తలే. ఇల్లు ఊడ్చినా, అంట్లు తోమినా ఒక పని పూర్తయిందన్న తృప్తి ఉండేది కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఏప్రిల్ మొదటి వారంలో, ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కులు వాడవచ్చని కేంద్రం సూచించిన తరువాత, మా అత్తయ్య గారు బీరువాలోంచి తమ పాత మంగళగిరి నూలు చీర ఒకటి తీసి నా ముందు పెట్టారు. ఆ మధ్యాహ్నం ఆవిడ కత్తిరించారు, నేను కుట్టాను. ఎలాస్టిక్ ఎక్కడా దొరకకపోవడంతో అదే గుడ్డతో నాలుగు బొందులు చేసి తగిలించాం. సాయంత్రానికి తీగ మీద పదకొండు మాస్కులు ఆరుతుంటే చూసుకుని, చాలా రోజుల తరువాత ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

తొక్కుడు మిషన్ ప్రత్యేకత నాకు అప్పుడే తెలిసింది. రెండు పాదాలూ ఒకే లయలో ఆడాలి. చక్రం మన వైపు తిరగాలి. ఏమరుపాటున వెనక్కి తిరిగితే దారం చిక్కుపడి తెగిపోతుంది. కాళ్లు, చేతులు, కళ్లు మూడూ పనిలో ఉంటాయి కనుక ఫోను పట్టుకునే వీలే ఉండదు. గంటసేపు కుట్టి లేస్తే మనసులోని గుబులు కొంత తగ్గినట్టుండేది. కరెంటు పోయినా పని ఆగదు. వేగం మన అదుపులోనే ఉంటుంది కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి మోటారు బిగించకుండా ఇవ్వడమే మంచిదని నా నమ్మకం. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుడ్డ మాస్కులకు మూడు పొరలు ఉండాలని చెప్పినప్పుడు పాత లుంగీ గుడ్డతో మూడు పొరలు, వాటి మీద మడతలు వేసి కుట్టాను. 14వ నంబరు సూదితో తడబడిన మిషన్, అంతకంటే లావైన 16వ నంబరు సూది వేయగానే చక్కగా సాగింది.

లోపాలు లేకపోలేదు. స్టాండుకు బిగించిన రెండు బోల్టులు మొదటి నెలలోనే వదులయ్యాయి. అడుగు దారం చుట్టిన బాబిన్‌ను పెట్టే చిన్న డబ్బీ, అంటే బాబిన్ కేసు అంచున సన్నని గరుకు ఉండటంతో దారం మాటిమాటికీ తెగేది. దుకాణానికి ఫోను చేస్తే లాక్‌డౌన్ అయ్యాక మనిషిని పంపుతామన్నారు, ఆ తరువాత కూడా ఎవరూ రాలేదు. ఆ గరుకును మా అత్తయ్య గారే సన్నని గరుకు కాగితంతో ఓపికగా రుద్ది సరిచేశారు. సూదికి ఒక పక్క చదునుగా ఉంటుందనీ, దాన్ని తప్పు వైపు పెడితే మధ్యమధ్యలో కుట్టు పడకుండా దాటిపోతుందనీ మిషన్‌తో ఇచ్చిన కాగితంలో తెలుగులో రాసి ఉంటే నాకు మూడు రోజుల అవస్థ తప్పేది. కుర్చీ ఎత్తు కుదరకపోతే నడుం నొప్పి ఖాయం. ముప్పావు గంటకోసారి లేచి నడవాలి.

2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తరువాత కర్ఫ్యూ పెట్టినప్పుడు పరిస్థితి మొదటిసారి కంటే భయంకరంగా ఉంది. బంధువుల్లో ఇద్దరిని పోగొట్టుకున్నాం. ఆ రోజుల్లో కొత్తవేమీ కుట్టలేకపోయాను. చిరిగిన దిండు గలీబులు, పిల్లల నిక్కర్లు బాగుచేసుకుంటూ కూర్చున్నాను. ఆ మాత్రం పనైనా చేతిలో ఉండటం నాకెంతో ఆసరా అయింది.

ఇప్పటికి బెల్టు రెండుసార్లు మార్చాను. వారానికోసారి నూనె వేస్తే చప్పుడు లేకుండా నడుస్తోంది. కొనదలచినవారు దుకాణంలోనే పాత నూలు గుడ్డ రెండు మడతలు వేసి, స్వయంగా తొక్కి కుట్టి, గుడ్డ తిరగేసి అడుగు కుట్టు సమంగా పడిందో లేదో చూసుకున్న తరువాతే డబ్బు కట్టండి.