సగమా, మూడింట రెండు వంతులా: రాష్ట్రపతి ఎన్నిక, పోపు ఎన్నిక

రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు తన ప్రాధాన్య క్రమాన్ని ఒకేసారి రాసిస్తాడు. చెల్లిన ఓట్ల విలువలో సగం దాటినవారు గెలుస్తారు. 1969లో గెలుపుకు కావలసిన కోటా 4,18,169 కాగా, వి.వి.గిరికి తొలి లెక్కలో 4,01,515 మాత్రమే వచ్చాయి. వెనుకబడినవారిని తొలగిస్తూ, సి.డి.దేశ్‌ముఖ్ ఓట్లలోని తదుపరి ప్రాధాన్యాలను కూడా బదిలీ చేశాకే ఆయన 4,20,077తో నీలం సంజీవరెడ్డిపై గెలిచారు. రెండో ప్రాధాన్యం రాయడం మొదటివారికి నష్టం చేయదు కనుక, ఇక్కడ ఎత్తుగడకు చోటు తక్కువే, బొత్తిగా లేదనలేం.

క్యాథలిక్ మతాధిపతి అయిన పోపు ఎన్నికలో ఓటర్లైన కార్డినల్స్ విడతకొక్క పేరే రాయాలి, మూడింట రెండు వంతులు రావాలి. మూడో వంతు మించిన వర్గం ఎవరినైనా అడ్డుకోగలదు. ఎడతెగని ప్రతిష్టంభనలో సగం దాటినా చాలునని 1996లో అప్పటి పోపు రెండో జాన్ పాల్ సడలించారు. దాంతో మెజారిటీ వర్గం రాజీపడకుండా కాలయాపన చేస్తే సరిపోయే వీలు ఏర్పడింది. 2007లో తర్వాతి పోపు పదహారో బెనెడిక్ట్ ఆ సడలింపును రద్దు చేయడం సబబే.