కృష్ణలో కయాకింగ్, కారు తాళం, 1,800 రూపాయలు

నా చేతిలోనే ఉన్న తాళాన్ని నాకు చూపించినందుకు విజయవాడలో ఒక మెకానిక్ 1,800 రూపాయలు తీసుకున్నాడు. బటన్ నొక్కితే స్టార్టయ్యే కారున్న వాళ్లెవరూ ఇలా నష్టపోకూడదని రాస్తున్నాను.

గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరాం: నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా బామ్మర్ది. ఉండవల్లి గుహలు బాగున్నాయి. ఎండెక్కకముందే వెళ్లండి. బ్యారేజీ దాటి, ఎగువన ఒడ్డు మీదున్న ఒక ప్రైవేటు కయాకింగ్ పాయింటుకి చేరాం. మనిషికి 300. లైఫ్ జాకెట్లు మంచివే, లాకర్లు మాత్రం లేవు.

"కీ ఎక్కడ పెట్టాలి?" అంటే కౌంటర్లో కుర్రాడు 250 రూపాయల వాటర్‌ప్రూఫ్ పౌచ్ చేతిలో పెట్టి, "గ్యారంటీ సార్, ఇందులో ఫోన్లే పెట్టుకుంటారు" అన్నాడు. ఫోన్లు, పర్సులు, తువ్వాళ్లు, పాప టిఫిన్ బాక్సు కార్లో పెట్టి లాక్ చేసి, కీ పౌచ్‌లో వేసుకుని దిగాను.

ఒడ్డుకి వస్తూ కయాక్ తిరగబడింది. నడుము లోతు నీళ్లే, ఎవరికీ ఏమీ కాలేదు. పౌచ్ విప్పితే మూలన చెంచాడు నీళ్లు. మా కారు కీ అంటే చిన్న రిమోట్, దాని బటన్ల రబ్బరు కింద నీళ్లు బుడగలా కదులుతున్నాయి. నొక్కితే ఎర్రలైటు ఒకసారి మినుక్కుమని ఆగిపోయింది. కారు ఉలకలేదు. కౌంటర్ దగ్గరికెళ్తే అదే కుర్రాడు, "వస్తువులకు మా బాధ్యత లేదని బోర్డు ఉంది కదా" అని మొహం తిప్పుకున్నాడు. 250 వెనక్కివ్వలేదు.

తడిబట్టలతో మా ఆవిడ మాట్లాడటం మానేసింది. పాప ఆకలని ఏడుపు. అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చే పెద్దమ్మ పిలిచి, "ముందు పిల్లని తిననివ్వు బాబూ, డబ్బులు తర్వాత" అని రెండు పొత్తులు, తన ఫోనూ ఇచ్చింది. నాకు నోటికొచ్చిన నంబరు మా నాన్నగారిది ఒక్కటే. ఆయన ఎవరినో పట్టుకుని మెకానిక్‌ని పంపేసరికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

మెకానిక్ రిమోట్ పక్కనున్న చిన్న మీట జరిపి లోపలి నుంచి ఇనుప తాళం లాగాడు. డ్రైవర్ డోర్ హ్యాండిల్ మీదున్న మూత తీస్తే దాని కింద తాళం రంధ్రం. తిప్పాడు, తెరుచుకుంది, అలారం మోగింది. తర్వాత రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాడు. మూడోసారికి ఇంజన్ స్టార్టయింది, అలారం ఆగింది. రిమోట్‌లోని చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు, దగ్గరగా పెడితే కారు నుంచే కరెంటు తీసుకుంటుంది. అంతా కలిపి మూడు నిమిషాల పని. 500 అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ణి. పెద్దమ్మకి ఫోన్‌లో 100 కొడితే మాత్రం 40 చిల్లర వెతికి మరీ ఇచ్చింది. రిమోట్ బటన్లు ఇక పనిచేయలేదు. కొత్త కీ, దాన్ని కారుకి జత చేసే ప్రోగ్రామింగ్‌తో కలిపి 13,400.

బామ్మర్ది పట్టువదలలేదు. "బావా, ఈసారి రిమోట్ నీళ్లలోకే రాదు" అని ఇంటి దగ్గర అంతా పరీక్ష చేశాడు. ఇనుప తాళం బయటికి తీసి, రిమోట్‌ని కార్లో వదిలి డోర్ వేస్తే లాక్ కాలేదు, బీప్‌లు కొట్టింది. కీ లోపలుందని కారుకి తెలిసిపోతుంది మరి. అల్యూమినియం ఫాయిల్ ఒక చుట్టు చుట్టినా అంతే. మూడు చుట్లు చుట్టి, బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పెడితే సిగ్నల్ ఆగింది. అప్పుడు ఇనుప తాళంతో లాక్ చేశాం. రిమోట్ దగ్గరుంటే హ్యాండిల్ ముట్టుకోగానే తెరుచుకునే డోర్, ఇప్పుడు ముట్టుకున్నా తెరుచుకోలేదు. డబ్బా డిక్కీలో, ఎవరికీ కనపడకుండా పెట్టాలి. అన్ని కార్లూ ఒకేలా ఉండవు, మీ కారుతో ఇంటి దగ్గరే చూసుకోండి. రెండో కీ చేతిలో ఉంచుకుని చూడండి.

రిమోట్ వెంట తీసుకెళ్లక తప్పకపోతే, పౌచ్‌లో టిష్యూ కాగితం పెట్టి బకెట్ నీళ్లలో అరగంట ముంచి చూడండి. కాగితం తడిస్తే ఆ పౌచ్ పనికిరాదు. ఒకవేళ రిమోట్ తడిస్తే బటన్లు నొక్కకుండా వెంటనే బ్యాటరీ తీసేయండి. నేను కంగారులో నొక్కుతూనే ఉన్నాను, అదే తప్పు.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాం, వేరే పాయింటుకి. బామ్మర్ది ఇనుప తాళాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు. గంటసేపు నీళ్లలో ఆడాం, మా ఆవిడ కూడా దిగింది. తిరిగొస్తూ పొత్తుల కోసం ఆగితే పెద్దమ్మ గుర్తుపట్టి, "తాళం ఉందా బాబూ?" అని అడిగింది.