జాగ్రత్త: విండోస్ వేయించాక ‘మీ డి డ్రైవ్ పోయింది’ అంటే వెంటనే డబ్బు కట్టకండి

తిరుపతిలో పాత కంప్యూటర్‌కు కొత్త ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) పెట్టించి, విండోస్ 11 వేయించుకోవాలనుకునేవాళ్లు ఇది చదివాకే దుకాణానికి వెళ్లండి. నా డేటా పోలేదు. అయినా పోయిందని చెప్పి, దాన్ని రికవరీ చేయడానికి నన్ను 4,500 రూపాయలు అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మీకు అలాంటి రాత్రి రాకూడదని రాస్తున్నాను.

బాలాజీ కాలనీలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పక్కనే కాబట్టి పరిశోధక విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు ఎక్కువగా వస్తాయి, ముహూర్తాల రోజుల్లో పెళ్లిపత్రికలు. పదేళ్ల పని అంతా ఒకే 1 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉంది. దానికి మూడు విభాగాలు: సి డ్రైవ్‌లో విండోస్, డి లో పత్రాలు, ఇ లో దేవుళ్ల బొమ్మలు, అంచులు, ఫాంట్లు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసిందని అందరూ అంటుంటే, నేనూ మార్చేద్దామని ఊరి నడిబొడ్డున ఉన్న ఒక దుకాణంలో 512 జీబీ ఎస్‌ఎస్‌డి కొన్నాను. విండోస్ వేసినందుకు 600 రూపాయలు వేరుగా తీసుకున్నారు. ‘మీ పాత డిస్క్ అలాగే ఉంటుంది సార్, ముట్టుకోం’ అన్నారు.

ఇంటికి తెచ్చి డి డ్రైవ్ తెరిచాను. నా ఫోల్డర్ ఒక్కటీ లేదు. ‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’, ‘యూజర్స్’ అని మూడు నాలుగు పేర్లు మాత్రం కనిపించాయి. మర్నాడు 312 పేజీల సిద్ధాంత వ్యాసం ప్రింట్ తీసి ఇవ్వాలి. దుకాణానికి ఫోను చేస్తే, కంప్యూటర్ చూడకుండానే చెప్పేశారు: ‘ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కోసారి డి డ్రైవ్ ఎగిరిపోతుంది సార్. తీసుకురండి, రికవరీ చేద్దాం.’

అంతలో నా కళ్లముందే ఇంకొకటి జరిగింది. అర్జెంటు పని ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంటే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మచ్చుకు ఒక పెళ్లిపత్రిక ప్రింట్ ఇచ్చాను. అక్షరాలు చక్కగా వచ్చాయి. పైనున్న వినాయకుడు మాత్రం నీళ్లలో తడిసినట్టు మసకగా వచ్చాడు. తొండం ఎక్కడ మొదలైందో తెలియలేదు. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మను తన ఫైలులో పూర్తిగా దాచుకోదు, అది ఉన్న చిరునామాను గుర్తుపెట్టుకుంటుంది. ఆ చిరునామాలో బొమ్మ దొరక్కపోతే, తెర మీద చూపించే పలుచటి నకలునే అచ్చుకు పంపుతుంది. నేను మచ్చు చూడకుండా 300 పత్రికలు కొట్టించి ఉంటే ఆ పెళ్లివారికి ఏం చెప్పేవాణ్ణి?

మర్నాడు పొద్దున మా మేనల్లుడు వచ్చి చూసి, ‘మామా, ఏదీ పోలేదు, అన్నీ ఒక్కో గది జరిగాయి’ అన్నాడు. సంగతి ఇది. డ్రైవ్‌కు ఉండే సి, డి, ఇ అనే అక్షరం డిస్క్ మీద చెక్కి ఉండదు. ఏ విభాగానికి ఏ అక్షరమో ప్రతి విండోసూ తన రిజిస్ట్రీలో, అంటే తన సెట్టింగుల చిట్టాలో, తానే రాసుకుంటుంది. కొత్త విండోస్‌కు పాతదాని పట్టిక తెలియదు. అది తాను ఉన్న ఎస్‌ఎస్‌డికి సి పెట్టుకుంది. పాత విండోస్ ఉన్న విభాగం డి అయింది, నా పత్రాలు ఇ లోకి, బొమ్మలు ఎఫ్ లోకి వెళ్లాయి. పేజ్‌మేకర్‌కు వినాయకుడు పాత చిరునామాలో దొరకనిది అందుకే. ఇ తెరిస్తే సిద్ధాంత వ్యాసం చెక్కుచెదరకుండా కనిపించింది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోట అయిదు నిమిషాల్లో సరిచేయగల పని అది. డి అక్షరాన్ని ఖాళీ చేయడానికి పాత విండోస్ విభాగానికి పి ఇవ్వాలి. తర్వాత ఇ ని డి గా, ఎఫ్ ని ఇ గా మార్చాలి. వరుస తప్పితే కుదరదు, వాడుకలో ఉన్న అక్షరాన్ని విండోస్ మరో విభాగానికి ఇవ్వనివ్వదు. ఇంత చిన్న పనికి 4,500! తెలియక అన్నారని నేను నమ్మలేను.

మార్చే ముందు ఒక కాపీ తీసుకుందామని పాత డిస్క్ ఊడదీశాం. కంప్యూటర్ ఇక లేవలేదు. బూట్ అయ్యే డిస్క్ లేదని నల్లతెర మీద ఒక్క వాక్యం. విండోస్ వేసేటప్పుడు రెండు డిస్కులూ తగిలించి ఉంచారు. దాంతో విండోస్ ఎస్‌ఎస్‌డిలో పడింది, దాన్ని లేపే బూట్ ఫైళ్లు మాత్రం పాత డిస్క్‌లో ఈఎఫ్ఐ అనే చిన్న బూట్ విభాగంలోకి వెళ్లాయి. పదేళ్ల ఆ డిస్క్ రేపు చెడిపోతే కొత్త ఎస్‌ఎస్‌డి ఉండి కూడా కంప్యూటర్ తెరుచుకోదు. అందుకే పత్రాలన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించి, ఎస్‌ఎస్‌డి ఒక్కటే తగిలించి విండోస్ మళ్లీ వేశాడు. ఆ తర్వాతే పాత డిస్క్ కలిపి అక్షరాలు సరిచేశాడు. మొత్తం ఒక రోజు పోయింది.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే భయం వేసింది దీనికే. దుకాణంవాళ్లు వేసిన విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా నాది కాదు, నేనెప్పుడూ చూడని ఈమెయిల్ ఒకటి ఉంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకు తాళం వేయడం, దానంతటదే మొదలవుతుంది. రికవరీ కీ ఆ ఖాతాలోనే దాగుతుంది. ఖాతా వేరేవాళ్లదైతే తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే ఉన్నట్టు లెక్క. నా దాంట్లో ఎన్‌క్రిప్షన్ మొదలుకాలేదు, అది అదృష్టం. మీరు మీ ఈమెయిల్‌తో, మీ ఎదుటే చేయించుకోండి.

దుకాణానికి వెళ్లే ముందు ప్రతి డ్రైవ్‌కూ ‘పత్రాలు’, ‘బొమ్మలు’ అని పేరు పెట్టి, ఏది ఎన్ని జీబీలో కాగితం మీద రాసుకోండి, ఫోనుతో ఫొటో తీసుకోండి. విండోస్ వేసేటప్పుడు వచ్చే తెర మీద అక్షరాలు కనిపించవు. డిస్క్ 0, పార్టిషన్ 3 అనే అంకెలు, పరిమాణాలు ఉంటాయి, పెట్టుకున్న పేరు కొంత ఆసరా. తొందరలో పక్కదాన్ని చెరిపేస్తే అప్పుడు నిజంగానే పోతుంది. అందుకే పాత డిస్క్ ఊడదీసి మీ చేతికి ఇమ్మనండి, లేదా దాన్ని ఇంట్లోనే ఉంచి కంప్యూటర్ మాత్రమే తీసుకెళ్లండి.

నేను బిల్లు చేతబట్టుకుని అడిగితే 600 వెనక్కి ఇచ్చారు, రికవరీ మాట ఎత్తలేదు. బిల్లు లేకుండా ఇదే జరిగితే అడగడం కష్టం. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

ఇప్పటికే ఫైళ్లు కనిపించని స్థితిలో ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఒక్క పని చేయండి. ‘ఈ డ్రైవ్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని తెర అడిగితే ‘రద్దు’ నొక్కి, పక్క అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.