ఓజోన్ రంధ్రం: 2019లో ఎందుకు చిన్నది, 2020లో ఎందుకు పెద్దది?

బెజవాడ ఎండకి ఒళ్లు మండగానే "ఓజోన్‌కి చిల్లు పడింది కదా" అనేస్తాం, కానీ ఆ చిల్లు మన నెత్తిన లేదు, ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో అంటార్కిటికా మీద పెద్దదవుతుంది. ఎంత పెద్దది అన్నది చాలావరకు పైన స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే ఓజోన్ ఉండే ఎత్తైన వాతావరణ పొరలో, ఎంత చలి ఉందన్న దాన్నిబట్టే.

2020లో ధ్రువం చుట్టూ తిరిగే గాలుల సుడి బలంగా ఉంది, లోపల చలి తగ్గలేదు. సుమారు మైనస్ 78 డిగ్రీల కంటే దిగితే అక్కడ మేఘాలు ఏర్పడతాయి, వాటి మీద జరిగే రసాయన చర్యల వల్ల, మనం వాడిన సీఎఫ్‌సీల్లాంటి రసాయనాల నుంచి పైకి చేరిన క్లోరిన్ చురుకైన రూపంలోకి మారి, ఎండ తగలగానే ఓజోన్‌ని తినేస్తుంది. నాసా లెక్కలో రంధ్రం 2.48 కోట్ల చదరపు కిలోమీటర్లకు చేరింది.

2019 వేరు. కింది నుంచి పైకి వెళ్లిన వాతావరణ తరంగాలు ఆ సుడిని బలహీనం చేశాయి, స్ట్రాటోస్ఫియర్ ఉన్నట్టుండి వేడెక్కింది, మేఘాలు తగ్గాయి, పైగా బయటి నుంచి ఓజోన్ ఎక్కువున్న గాలి లోపలికొచ్చింది. సెప్టెంబరు 8న 1.64 కోట్లున్న రంధ్రం తర్వాత కోటి లోపుకి పడిపోయింది. 1982 తర్వాత అంత చిన్నది అదే!

2019 చూస్తే నాకూ సంతోషమే, కానీ దాన్ని ఓజోన్ కోలుకోవడం అనుకోవద్దు, ఆ ఏడాది కూడా పైన క్లోరిన్ ఉంది. దాన్ని తగ్గిస్తున్నది ఆ రసాయనాలకు అడ్డుకట్ట వేసిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, అదీ దశాబ్దాల మీద.